నాట్లు రాని అప్‌లైన్

నేను సబ్బులు, పళ్లపొడి, ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మి బతికినవాణ్ని. కిట్టనివాళ్లు మాత్రం, "వాడు సరుకు కాదు, మనుషులను అమ్ముకున్నాడు" అనేవారు. అందులో కొంత నిజముంది. ఎంత నిజముందో నేనే చెప్పడం మర్యాద.

ఇప్పుడు పని మానేసి మణుగూరులో ఇంటిపట్టున ఉంటున్నాను. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లోకి దిగబోయేవాళ్లు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కంపెనీ నాకిచ్చిన షీల్డుల గురించి ఎవరూ అడగరు. అవి అటక మీద ఉన్నాయి. ఒకదాన్ని మాత్రం గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం. ఇన్నేళ్లలో నాకొచ్చినవాటిలో ఇంట్లో పనికొచ్చింది అదొక్కటే.

ఇందులో అసలు పనేమిటి?

కంపెనీ దగ్గర సభ్యుల ధరకు సరుకు కొని, మామూలు ధరకు అమ్ముతాం. అది ఒక పని. మనలాంటి మరికొందరిని సభ్యులుగా చేర్పిస్తాం. వాళ్లు కొన్నదాంట్లో కొంత మనకు వస్తుంది. అది రెండో పని. మనల్ని చేర్పించినవాడు మనకు అప్‌లైన్, మనం చేర్పించినవాళ్లు డౌన్‌లైన్. సభ్యత్వం నిలబడాలంటే నెలనెలా కొంత సరుకు కొంటూ ఉండాలి. ఇంతే, దాచిపెట్టిన రహస్యమేమీ లేదు.

నేను మణుగూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారుగా ఉన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలుకు మీటింగ్ అని తీసుకెళ్లారు. అక్కడ ప్రభాకర్ సార్ అనే ఆయన బోర్డు మీద ఒక సున్నా గీశాడు. "ఇది మీరు" అన్నాడు. దాని కింద కొన్ని సున్నాలు, వాటి కింద మరికొన్ని. బోర్డు నిండిపోయింది. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం మనసులో హెచ్చవేతలు చేసుకుంటున్నాను. లెక్క ఎక్కడా తప్పలేదు. బడిపిల్లలకు చెప్పే లెక్కల్లో పనివాళ్లు అలసిపోరు, ఊళ్లు అయిపోవు. ఇది కూడా అలాంటి లెక్కేనని నాకు తట్టలేదు. లెక్కలు రానివాడైతే భయపడి ఇంటికి పోయేవాడేమో.

టై కట్టుకోవాలా?

కట్టుకోమని ప్రభాకర్ సార్ ఆజ్ఞ. మణుగూరు ఎండల్లో, బొగ్గు గనుల కాలనీలో, మెడకు టై. కాలనీలో నన్ను చూసిన ఒక కార్మికుడు సైకిల్ ఆపి, "ఏంది సారూ, పెండ్లి నీదేనా?" అని అడిగాడు. కుక్కలకూ నచ్చలేదు. ఒక వీధి మొదట్లో పట్టుకుంటే చివరి దాకా సాగనంపేవి.

అయినా ప్రభాకర్ సార్‌ను ఊరికే ఆడిపోసుకోను. ఆయన నేర్పిన ఒక్క మాట మాత్రం ఇప్పటికీ చెబుతాను: "నీళ్లలో చెయ్యి పెట్టనివాడు సబ్బు అమ్మలేడు." ఒకరోజు ఆ మాట గుర్తొచ్చి, టై తీసి సంచిలో పడేసి, కాలనీ కుళాయి దగ్గర ఒక బకెట్ ముందు కూర్చున్నాను. గనిలో దిగి వచ్చినవాళ్ల బనీను ఇమ్మని అడిగాను. ఒకావిడ తెచ్చిచ్చింది. అది ఏ రంగుదో చెప్పడం కష్టం. మా సబ్బుతో రుద్దితే నల్లగా నీళ్లు కారి, బనీను మాత్రం తెల్లబడింది. నిజంగానే తెల్లబడింది. ఆవిడ దాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"మంచిగనే పోయింది సారూ. ఇంట్ల ఇంకో రెండున్నయ్, తెస్త ఆగు."

ఆవిడను చూసి ఇంకొకావిడ వచ్చింది. ఆ సాయంత్రం నేను ఆ వరుసలో అందరి బనీన్లూ ఉతికాను. చివర్లో ఒక పెద్దాయన లుంగీ తెచ్చి, "గిది గూడ చూడు బిడ్డా, నమ్మకం కుదర్తలేదు" అన్నాడు. పగలబడి నవ్వారందరూ. నేనూ నవ్వాను. తెచ్చిన సబ్బులన్నీ అమ్ముడుపోయాయి. ఒక్కరిని కూడా సభ్యులుగా చేర్పించలేదు. నా వృత్తిలో అంత సంతోషంగా ఇంటికి వచ్చిన రోజులు తక్కువ.

అక్కడే ఆగి ఉంటే బాగుండేది. కానీ ప్రభాకర్ సార్ ఫోన్‌లో, "ఉతకడానికి చాకలిగా పెట్టలేదు మిమ్మల్ని. ఎంతమందిని చేర్చారు?" అన్నాడు. సిగ్గుపడ్డాను. దేనికి సిగ్గుపడాలో అప్పటికి నాకు తెలియదు.

ముందు చుట్టాలనే చేర్చాలా?

ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. ప్రభాకర్ సార్ జవాబు: "నీవాళ్లే నిన్ను నమ్మకపోతే బయటివాడు ఎందుకు నమ్ముతాడు?" నా జవాబు తరువాత చెబుతాను. ముందు మా అక్క సంగతి వినండి.

మా అక్క సుగుణమ్మను దమ్మపేట దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. కొద్దిపాటి పొలం, చుట్టూ జామాయిల్ తోటలు. ఆ ఊళ్లో నాట్లకు కూలి మనుషులను పిలవరు. ఆడవాళ్లంతా ఒక ముఠాగా ఏర్పడి, ఈరోజు నీ పొలంలో అందరం, రేపు నా పొలంలో అందరం అని వేసుకుంటారు. దాన్ని బదులు అంటారు. ఎవరి వంతు ఎప్పుడో మా అక్క చెప్పేది. వంతులు చెప్పే మనిషి పొలం అందరికన్నా చివర నాటాలని అక్కడి కట్టుబాటు. ముందు తన పని చేయించుకుని తరువాత అందరికీ పంచితే, ఆ మాటకు విలువేముంటుంది?

నేను వెళ్లినప్పుడు చలికాలపు యాసంగి నాట్లు పడుతున్నాయి. వరుసలో వంగిన ఆడవాళ్లు, మధ్యలో మా అక్క. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. ఎంత చక్కటి దృశ్యం! ఒడ్డు మీద నిలబడ్డ నాకు మాత్రం వాళ్లు వరసగా గీసిన సున్నాల్లా కనిపించారు. ఆ చూపు నాది. దాన్ని ప్రభాకర్ సార్ మీదికి తోయలేను. ఆ సాయంత్రమే, ముఠా అంతటినీ సభ్యులుగా చేర్పిద్దామని అక్కను అడిగాను.

"నేను జెప్తే ఒప్పుకుంటరు తమ్ముడూ," అంది అక్క. "కానీ మంచిదే గదా?"

"మంచిదే అక్కా. నేను తెస్తనా చెడ్డది?"

ఎండాకాలం పనుల్లేని రోజుల్లో అక్క ఇంటి ముందు పందిట్లో మీటింగ్ పెట్టాను. ముఠా మొత్తం వచ్చింది. ఖమ్మంలో విన్న ఉపన్యాసమే అప్పజెప్పాను. "పైనున్నవాడు కిందివాళ్ల కోసం కష్టపడతాడు. మీ పైన అక్క, అక్క పైన నేను. మీకోసం పనిచేయడమే నా పని" అన్నాను.

మా బావకు పిన్ని వరసైన ముత్తమ్మ ముందు వరుసలో కూర్చుంది. నాకు అత్త అవుతుంది. నోరు పెద్దది, మనసు దానికన్నా పెద్దదని తరువాత తెలిసింది.

"అంటే మేం నీకు జేస్తం, నువ్వు మాకు జేస్తవ్. అంతే గదా అల్లుడూ?"

"అంతే అత్తా!"

"ఎప్పుడొస్తవ్ మరి?"

"మీరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు."

నేను ఉపన్యాసం ధోరణిలో అన్నాను. వాళ్లు బదులు లెక్కలో విన్నారు. ఆ రోజే అందరూ అక్క కింద చేరిపోయారు.

చేరినవాళ్లు ఎవరికి అమ్మాలి?

మంచి ప్రశ్న. నేను అప్పుడు వేసుకోని ప్రశ్న.

ఆ ఊళ్లో కొనగలిగిన ఆడవాళ్లందరూ సభ్యులైపోయారు. ఇక కొనేదెవరు? ఒకరి ఇంట్లో ఉన్న సబ్బే పక్కింట్లోనూ ఉంది. వేపపుల్లతో తోముకునే ఊళ్లో పళ్లపొడి డబ్బాలు చూర్ల కింద పేరుకున్నాయి. ప్రొటీన్ పొడిని ఏం చేయాలో తోచక ముత్తమ్మ అత్త బర్రెకు కుడితిలో కలిపి పెట్టింది.

"పాలేం పెరగలె అల్లుడూ. కానీ బర్రెకు మర్గింది. ఇప్పుడు డబ్బా సప్పుడైతే చాలు, తాడు తెంపుకుంటాంది."

ఆ మాటకు నేను నవ్వి, దమ్మపేట అడ్డరోడ్డులో కిరాణా దుకాణం నడిపే మస్తాన్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన్ను చేర్పిస్తే ఊరి సరుకు అక్కడ అమ్ముకోవచ్చని ఆశ. ఆయన తూకం వేస్తూనే విన్నాడు.

"సారూ, నా గిరాకీ వస్తడు, కొంటడు, పోతడు. మల్ల రేపొస్తడు. నా గిరాకీని పట్టుకొని 'నువ్వు గూడ దుకాన్ పెట్టు భాయ్' అని నేనే అంటే, రేపు నా కాడికి ఎవరొస్తరు? ఈగలొస్తయ్."

చాయ్ మాత్రం ఇప్పించాడు.

అప్పటికైనా ఆగలేదు. నెలనెలా మస్తాన్ భాయ్ దుకాణానికి ఫోన్ చేసి, అక్కను పిలిపించి, "ఈ నెల కొనకపోతే సభ్యత్వం పోతది, ఒక్కమాట చెప్పు" అనేవాణ్ని. అక్క గడప గడపకూ వెళ్లి చెప్పేది. నాకోసం. ఎవరేమన్నారో నాకు చెప్పేది కాదు. నేనూ అడిగేవాణ్ని కాదు, ఎందుకంటే అడిగితే చెబుతుందని భయం.

వానలు పడ్డాయి. నారుమళ్లు పెరిగాయి. ఒకరోజు బావ మస్తాన్ భాయ్ దుకాణంలోని కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేశాడు. మా బావ మాట్లాడటమే తక్కువ. అందులోనూ రూపాయి పడితే ఇంకా తక్కువ.

"బామ్మర్దీ, ఈయేడు వంతులు మీ అక్కను అడగలె. ముత్తమ్మనే చెప్తాంది. మా పొలం ముచ్చట ఎవరూ ఎత్తుతలేరు. నారు ముదురుతాంది."

ముదిరిన నారు పిలకలు పెట్టదు. ఒక్క మనిషి ఆ పొలం నాటలేదు. బయటి నుంచి కూలీలను తెస్తే, ఆ ఊళ్లో ఇక అక్క ముఠాలో లేనట్టే. పంట ఒక్క ఏడు పోతే మళ్లీ వస్తుంది. ముఠాలో చోటు పోతే రాదు.

టీమ్‌లో గొడవ వస్తే ఏం చేయాలి?

ప్రభాకర్ సార్‌ను అడిగాను. "ఏడ్చేవాళ్లను వదిలేయండి మాస్టారూ. కొత్త ఊరు, కొత్త టీమ్. లీడర్ వెనక్కి చూడడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ సలహా నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. కొత్త ఊళ్ల పేర్లు కూడా ఆలోచించాను.

మా ఆవిడ పద్మ అప్పుడు చింతపండు పిసుకుతోంది.

"మీ సారుకు అక్క లేదేమో. మీకున్నది. అన్నం తిని బయల్దేరుండ్రి."

కిరాయి ఆటో మాట్లాడి ఊరంతా తిరిగి, వాడని డబ్బాలన్నీ వెనక్కి తీసుకుని, ఎవరి డబ్బులు వాళ్లకు ఇచ్చేశాను. అంతటితో తీరిపోయిందనుకున్నాను. ముత్తమ్మ అత్త ఇంటి అరుగు మీద కూర్చుని ఆకు నములుతోంది.

"సరుకు సంగతి అయిపోయింది అల్లుడూ. మంచిదే. మరి బదులో?"

"ఏ బదులు అత్తా?"

"మా పైన కూసున్నవ్. మేం నీకు జేసినం. మాకు నీ వంతు పని ఏది? మీ అక్క ఇన్నేండ్లు వంతులు జెప్పింది గానీ మాపైన ఎన్నడన్న కూసున్నదా? చివరి మడి తనది. నువ్వొచ్చి దాన్ని తీస్కపోయి పైన కూసోబెట్టినవ్. ఇంటింటికి తిప్పినవ్. నాకు కోపం దాని మీద లేదు, దాని కొంగు పట్టుకొని తిరిగిన నీ కంపెనీ మీదున్నది."

"ఏం జేయాల్నో చెప్పు."

"నాట్లొచ్చునా?"

"రావు."

"మంచిది. చూసి నవ్వుకుంటం. తెల్లారి మా మడిల దిగు."

దిగాను. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, ఆడవాళ్ల వరుసలో చిట్టచివర. నేను గుచ్చిన మొక్క ఒక్క క్షణం నిలబడి, ఆలోచించి, పక్కకు పడుకునేది. కాసేపటికి నా వెనకంతా మొక్కలు నీళ్ల మీద తేలుతున్నాయి.

"ఓ బావా! నీ మొక్కలు ఈత నేర్చుకుంటున్నయ్!" అంది వరసైన ఒక చిన్నది.

"లెక్కల సారంట, లైను సక్కగ రాదంట!" ఇంకొకతె.

అప్పటికప్పుడు నా మీద పాట కట్టారు. "పైనున్న సారొచ్చె, బురదల కాలేసె, కింద మీద పడి కిందికే పాయె" అని. పాట అయ్యేలోపు నేను నిజంగానే పడ్డాను. వాళ్లు నవ్విన నవ్వుకు పక్క పొలంలో కొంగలు లేచిపోయాయి. నడుము విరిగిపోతోంది, ముఖమంతా బురద, అయినా నాకు లోపల ఎక్కడో తేలికగా ఉంది. ఫంక్షన్ హాళ్లలో చప్పట్లకు ఎన్నడూ అలా లేదు.

అలా ఇంటి తరువాత ఇంటి వంతు చేశాను. అక్క కూడా రోజూ వచ్చి, వరుసకు అవతలి చివర నాటేది. నాతో మాట మాత్రం లేదు. ఇంట్లో అన్నం పెట్టి బావతో, "ఇంకింత ఏసుకుంటడేమో అడుగు" అనేది. ఎదురుగా కూర్చున్న నన్ను బావ అడిగేవాడు. "ఏసుకుంట" అని బావకు చెప్పేవాణ్ని. బావ జన్మలో అన్ని మాటలు ఆ నాట్లలోనే మాట్లాడి ఉంటాడు.

ఇక మానేయాలా?

వచ్చినవాళ్లు చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. నేను అప్పుడు మానేయలేదు. సరుకు మంచిది, ఆ మాట దాచను. కానీ ఆ ఏటి నుంచి మనుషులను చేర్పించడం వదిలేసి, సబ్బులు మాత్రం అమ్మాను. నీళ్లలో చెయ్యి పెట్టి అమ్మాను. కంపెనీ దృష్టిలో నేను కింది మెట్టు మీదే ఉండిపోయాను, బడిపని కూడా వదల్లేదు. రెండూ కలిపి ఇల్లు నడిచింది. కాబట్టి మీరు అడిగితే నా జవాబు ఇది: ఎవరూ చేరకపోయినా, కేవలం సరుకు అమ్మి బతకగలరా అని ముందు చూసుకోండి. బతకలేకపోతే ఆ పని చేయకండి. చుట్టాలకు సబ్బు అమ్మండి, నచ్చితే కొంటారు. వాళ్లకున్న మంచిపేరును మాత్రం సరుకుగా వాడకండి. మీరు తిరిగి చేసిపెట్టగలిగినంత పనినే ఎవరి చేతనైనా చేయించుకోండి. ఈ ఆఖరి మాట ఏ మీటింగులోనూ చెప్పరు, నేను మోకాళ్ల లోతు బురదలో నేర్చుకున్నాను.

ఇక ఆ చివరి రోజు. అందరి పొలాలూ అయిపోయాయి. మిగిలింది అక్కది. ఆ ముఠాలో రేపు రండి అని ఎవరూ పిలవరు. వంతు ఎవరిదో అందరికీ తెలుసు, వచ్చేవాళ్లు వస్తారు, అంతే. కిందటి సాయంత్రం ముత్తమ్మ అత్త కాళ్లు కడుక్కుని తన దారిన వెళ్లిపోయింది. అక్క ఆమె వైపు చూసింది, అడగలేదు.

తెల్లవారుతుండగానే బావా నేనూ నారు పీకి కట్టలు కట్టాం. కొసలు అప్పటికే పసుపు తిరిగాయి. ఇంకో రెండు మూడు రోజులైతే పనికిరాదు. పొద్దు జామాయిల్ చెట్ల మీదికి ఎక్కింది. దారి మీద ఒక్కరూ లేరు. అక్క కొంగు బిగించి, మడి మూలకు దిగి, ఒక్కతే మొదలుపెట్టింది. నేను వెళ్లి పక్కన వంగాను. ఆమె నాటిన మొక్కలు నిలబడుతున్నాయి, నావి పడుతున్నాయి. పడ్డవాటిని తీసి మళ్లీ గుచ్చుతున్నాను. ఆ పొలం ఎంత పెద్దదో అంతకుముందు నాకు ఎప్పుడూ తెలియలేదు.

"ఏందే సుగుణా!" అని ఒడ్డు మీది నుంచి కేక. "నీ తమ్మునితోని నాటు ఏపిస్తున్నవ్, పంట కావాల్నా వద్దా?"

ముత్తమ్మ అత్త. ఆమె వెనక, ఒకరి తరువాత ఒకరు, చెట్ల మలుపు తిరిగి వస్తున్న ముఠా.

"పొద్దెక్కింది గదా," అంది అక్క, మొక్క గుచ్చుతూనే.

"బర్రె తాడు తెంపుకొని పోయింది. ఊరంత కలిసి పట్టుకొచ్చినం. నీ తమ్ముని పొడి పుణ్యం!"

నవ్వుతూనే అందరూ దిగారు. ముత్తమ్మ అత్త అక్క పక్కన చేరి, "వచ్చే ఏడు నీ మడి ముందేద్దాం. చివరికి పెడితే గిట్లనే ఆగమైతాంది" అంది.

"ఒద్దు అత్తా," అంది అక్క. "నాది చివరనే ఉండనీ. వంతులు మల్ల నేనే చెప్పాల్నంటే, చివరనే ఉండాలె."

"చెప్పక? నా నోటికి ఎవరు ఇంటున్నరు? ఈయేడు రోజుకొక లొల్లి."

అని నా వైపు తిరిగింది. "నువ్వు ఇగ ఒడ్డెక్కు అల్లుడూ. నీ బదులు తీరింది. మా సుగుణ మడిల నీ ఈత మొక్కలు మాకొద్దు."

ఒడ్డెక్కాను. వరుస కుదిరింది. పాట మొదలైంది, నా పాటే. నేను చేతులు వేలాడేసుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. అంతలో వరుస మధ్యలోంచి, తల ఎత్తకుండానే, అక్క అంది:

"తమ్ముడూ, నారు అందియ్."

కట్ట తీసి విసిరాను. అది అక్కను దాటి ముత్తమ్మ అత్త ముందు పడి, ఆమె ముఖం నిండా బురద చిమ్మింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. అక్క నడుం ఎత్తి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నప్పటిలా నవ్వింది. పొద్దు వాలేదాకా నేను వాళ్ల వెనక ఒడ్డు వెంబడి నడుస్తూ, ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లకు కట్ట అందిస్తూనే ఉన్నాను.